విరమించిన యోధుడు మరల బరిలో దిగుట



మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి వారి శివరాత్రి తిరునాళ్లకు పోయినవారికి బండలాగుడు పందెములను గూర్చి వేఱుగ చెప్పవలసిన పని లేదు. గిత్తకు వయస్సు మీరినదని తెలిసికొని దానిని పందెమునుండి తప్పించువాడు యజమాని. ఒకనాటి దాని పేరును తలచుకొని మరల కాడి క్రిందికి తెచ్చువాడును యజమానియే. ఆ నిర్ణయములో గిత్తకు పాత్ర లేదు. మనుష్యుని సంగతి అట్లు కాదు. కాడి మోయువాడును తానే, కాడి కట్టువాడును తానే. అందుచేత, కీర్తి గడించి విరమించిన యోధుడు మరల బరిలో దిగినప్పుడు, లోకము అతని బలమును కొలుచుటకు ముందు అతని మనస్సును ప్రశ్నించును. ఏల వచ్చెను? ధనమునకా, పేరునకా, ఒకరి పిలుపు మన్నించియా, లేక ఊరక ఉండలేకయా?

ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకుటకై ఇద్దఱి కథలను ఈనాడు మీ ముందుంచుచున్నాను. ఒకడు మన తెలుగువాడు, క్రికెట్టు ఆటలో నాయకుడు. రెండవవాడు అమెరికా దేశస్థుడు, సైకిలు పందెములలో లోకప్రసిద్ధుడు. ఇద్దఱును చాలించిన పిమ్మట తిరిగి వచ్చినవారే. కాని ఆ రాకల ఫలితములు రెండు దారులలో నడచినవి.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురములో జన్మించెను. తెలుగునాటినుండి పోయి అచట స్థిరపడిన కుటుంబము వారిది. సి. కె. నాయుడను పేరుతో దేశమంతట ప్రసిద్ధుడైనవాడు ఇతడే. 1916లో బొంబాయి పోటీలలో హిందువుల జట్టు తరపున యూరోపియనుల జట్టుపై తొలిసారి ఆడెను. మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాలుగవ బంతిని ఆవరణము దాటించి ఆఱు పరుగులు చేసెనని ఆ ఆట చరిత్రకారులు వ్రాసినారు. 1923లో ఇందూరు సంస్థానాధీశుడైన హోల్కరు మహారాజు అతనిని పిలిపించి తన సైన్యములో కొలువిచ్చెను. నాటినుండి ఇందూరే అతని నివాసము.

1926 డిసెంబరులో ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై బొంబాయిలో అతడు చేసిన 153 పరుగులు దేశమునకు ఒక ధైర్యమును కలిగించినవి. అందులో 11 మారులు బంతి ఆవరణము దాటి పడినది. తెల్లవారి ఆటలో తెల్లవారికి దీటుగ నిలువగల భారతీయుడు కలడని జనులు చెప్పుకొనిరి. 1932 జూన్ 25న లండన్ నగరమున లార్డ్స్ మైదానములో భారతదేశము తన మొట్టమొదటి టెస్టు ఆట ఆరంభించినప్పుడు ఆ జట్టునకు నాయకుడు ఇతడే. బంతి పట్టబోయి చేతికి గాయమైనను బ్యాటు పట్టి, మొదటి విడతలో మన జట్టులో అందఱికన్న ఎక్కువగ 40 పరుగులు చేసెను. మన జట్టు ఓడినది. కాని ఆ యాత్రలో అతడు చూపిన ప్రతిభకు మఱుసటి సంవత్సరము విజ్డెన్ అను ఆంగ్ల క్రీడాగ్రంథము అతనిని ఆ యేటి ఐదుగురు శ్రేష్ఠులలో ఒకనిగ ఎంచినది.

ఇంతటివాడు 1936లో ఇంగ్లండు యాత్రకు నాయకుడుగ పోలేదు. ఆ పదవి విజయనగరము రాజకుమారుడైన విజయానంద గజపతిరాజునకు లభించినది. ఆ రాజకుమారుని లోకము విజ్జీ అని పిలిచెడిది. ఆటలో అతని శక్తి స్వల్పము, పలుకుబడి అధికము. ఇద్దఱును తెలుగు మూలమువారే. వారి నడుమ పొసగలేదు. జట్టు రెండు కూటములైనది. అయినను ఓవల్ మైదానములో తన కడపటి టెస్టున నాయుడు బంతి దెబ్బ తిని కూడ నిలిచి 81 పరుగులు చేసెను. అప్పటికి అతనికి 40 ఏండ్లు. టెస్టు ఆటలు అంతటితో ముగిసినవి. పెక్కుమంది కథ ఇచటనే సమాప్తమగును.

నాయుడు కథ కాలేదు. హోల్కరు జట్టు 1944-45 మొదలు తొమ్మిది సంవత్సరముల కాలములో రంజీ పోటీలందు ఎనిమిది మారులు తుదిపోరు చేరి, 4 మారులు గెలిచినది. 1945-46 తుదిపోరులో బరోడా జట్టుపై అతడు 200 పరుగులు చేసెను. అప్పటికి వయస్సు 50. 1951-52లో బొంబాయి జట్టుపై ఆడునప్పుడు దత్తూ ఫడ్కర్ విసరిన వేగవంతమైన బంతి మోమునకు తగిలి రెండు పండ్లు రాలినవి. 56 ఏండ్ల నాయుడు ఆ పండ్లను ప్రక్కకు త్రోసి, బంతిని అదే వేగముతో వేయుమని కుఱ్ఱవానిని హెచ్చరించెనని నేటికిని చెప్పుకొందురు. 1952-53లో కలకత్తా నగరమున వంగదేశపు జట్టును మించి హోల్కరు విజయము పొందినప్పుడు నాయకుడు అతడే. 57 ఏండ్ల వయస్సులో దేశమున కెల్ల గొప్ప పోటీని గెలిచి గౌరవముగ తప్పుకొనుటకు అంతకన్న మంచి ఘడియ ఏది?

ఇచట మన చరిత్ర అతని చరిత్రతో కలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. మేళ్లచెరువు మొదలగు నల్లగొండ గ్రామములు అప్పుడు హైదరాబాదు రాష్ట్రములో ఉండెను. కృష్ణకు ఆవలి ఒడ్డు వేఱొక రాష్ట్రము, వేఱొక ప్రభుత్వము. హైదరాబాదు జట్టు 1937-38 నాటికే రంజీ పోటీ గెలిచిన పాత జట్టు. ఆవల ఆంధ్రకు అట్టి చరిత్ర లేదు. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటి మారు రంజీ పోటీలో దిగినది. ఆ జట్టునకు నాయకుడుగ నిలిచినవాడు సి. కె. నాయుడు. అప్పటికి వయస్సు 58.

కొంచెము ఆలోచింపుడు. ముందటి యేడు దేశవిజేతలైన జట్టునకు నాయకుడు, ఈ యేడు నిన్న మొన్న పుట్టిన జట్టునకు నాయకుడు. గెలుపు మీద ఆశ పెట్టుకొని ఎవ్వడును అట్టి జట్టులో చేరడు. ధనమునకని తలతమా, నేటి ఆటగాండ్రకు లభించు ధనరాసులు ఆ దినములలో లేవు. పేరునకని తలతమా, ఆ పేరు పెంచుకొనుటకు అచట ఏమున్నది? ఓడినచో తగ్గుటయే కాని గెలిచినను పెరుగునది కాదు. మనిషి ఎచ్చట నష్టపోవుటకు అవకాశము ఎక్కువయో అచ్చటికి తానుగ పోయినప్పుడు, స్వార్థమును దాటిన కారణమొకటి ఉండి తీరవలెను. క్రొత్తగ ఇల్లు కట్టువారు మొదట దూలము కొఱకు వెదకుదురు. గోడలు పిమ్మట లేచును. ఆ క్రొత్త జట్టులోని యువకులకు, భారతదేశపు తొలి టెస్టు నాయకునితో కలిసి మైదానములో అడుగిడుటయే ఒక చదువు. ఆ చదువు పుస్తకములలో దొరకునది కాదు. పుట్టి పెరిగినది నాగపురములో, ఉద్యోగము ఇందూరులో, కాని పూర్వుల నేల క్రొత్త ఇల్లు కట్టుకొన్నప్పుడు దూలమై నిలిచినవాడు అతడు.

తిరిగి మూడేండ్లకు మఱియొక వింత జరిగినది. 1956-57లో నాయుడు ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకుడుగ వచ్చెను. పిలిచినవారెవరో తెలియునా? ఇరువది యేండ్ల క్రిందట అతనితో పొసగని విజయనగరము రాజకుమారుడే. కాశీలో నివాసము ఏర్పరచుకొన్న విజ్జీ ఆ ప్రాంతపు క్రికెట్టు వృద్ధికి పెద్దగ పాటుపడుచుండెను. పాత పగ మనస్సులో ఉంచుకొన్నవాడైనచో ఆ పిలుపును త్రోసివేయుటకు నాయుడునకు మంచి సందర్భము లభించినది. అతడు త్రోసివేయలేదు. 61 ఏండ్ల వయస్సులో బరిలో దిగి, తన కడపటి రంజీ ఆటలో 52 పరుగులు చేసి వెలుపలికి వచ్చెను. ఆ 1956లోనే ప్రభుత్వము అతనికి పద్మభూషణ బిరుదమిచ్చి గౌరవించినది. 1963-64లో, 68 ఏండ్ల వయస్సున, ఒక ధర్మకార్యము కొఱకు ఏర్పాటైన ఆటలో మరల బ్యాటు పట్టెను. 1967 నవంబరు 14న ఇందూరులో దివంగతుడయ్యెను.

ఇతనిని దేవునివలె చూపుట నా ఉద్దేశము కాదు. నాయకుడుగ నాయుడు మిక్కిలి కఠినుడు. తన మాట తప్ప మఱొక మాట చెల్లనీయడని తోడివారిలో కొందఱు బాధపడిరి. వయస్సు మీరినవాడు జట్టులో ఉన్నంతకాలము ఒక యువకుని స్థానము మూసుకొనియుండునను ఆక్షేపణయు న్యాయమైనదే. ఆ ఆక్షేపణకు ఒక్కటే సమాధానము కలదు. తాను కూర్చున్న స్థానమును అతడు ప్రతిదినము ఆటలో సంపాదించుకొనుచుండెను. పండ్లు రాలినను బరి విడువని ముసలివానిని చూచిన యువకుడు స్థానము కోల్పోయి ఉండవచ్చును గాని, పాఠము కోల్పోలేదు.

ఇక రెండవవాని కథ. ఫ్రాన్సు దేశమున 1903 నుండి ప్రతి సంవత్సరము గొప్ప సైకిలు పందెము జరుగుచున్నది. యుద్ధకాలములలో మాత్రమే అది ఆగినది. మన ఊళ్లలో ఒకప్పుడు వృత్తముగ గీత గీసి, దినములకొలది క్రింద దిగక సైకిలు తొక్కి పందిరిలో జనులను ఆశ్చర్యపఱచినవారిని మీలో పెక్కుమంది చూచియుందురు. ఈ ఫ్రెంచి పందెము దానివంటిది కాదు. మూడు వారములలో సుమారు 3500 కిలోమీటర్లు, మంచుకొండల కనుమలు ఎక్కుచు దిగుచు తొక్కవలెను. మేళ్లచెరువునుండి కాశ్మీరమునకు పోయి, తిరిగి వింధ్యను సమీపించునంత దూరమని తలపవచ్చును.

లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో జన్మించెను. 1996లో, 25 ఏండ్ల వయస్సున, అతనికి పుట్టకురుపు సోకి ఊపిరితిత్తులకును మెదడునకును ప్రాకినది. బ్రతుకుట దుర్లభమనిరి. అతడు బ్రతికెను. 1997లో ఆ రోగుల కొఱకు ఒక ధర్మసంస్థ స్థాపించెను. 1999 మొదలు 2005 వఱకు ఫ్రాన్సు పందెమును వరుసగ 7 మారులు గెలిచెను. అంతకు ముందు ఎవ్వడును 5 మారులకు మించి గెలువలేదు. 2005 జూలైలో, 33 ఏండ్ల వయస్సున, విజేతగనే విరమించెను.

మూడేండ్లు గడచినవి. 2008 ఆగస్టులో కొలరాడో కొండలలో జరిగిన ఒక కఠినమైన సైకిలు పందెములో అతడు పాల్గొని రెండవవాడుగ వచ్చెను. అణగియున్న నిప్పునకు గాలి సోకినట్లయినది. సెప్టెంబరు 9న, తాను మరల బరిలో దిగుదునని ప్రకటించెను. పుట్టకురుపు వ్యాధిని గూర్చి లోకమునకు తెలియజేయుటయే తన ముఖ్యోద్దేశమనెను. జీతము లేకయే జట్టులో ఆడుదుననెను. ఆ మాటలు వట్టి కల్లలని చెప్పజాలము. అతని సంస్థ లక్షలమంది రోగులకు ధైర్యమిచ్చినది. కాని మనుష్యుని మనస్సు ఒకే గది గల ఇల్లు కాదు. ముందు గదిలో దీపము పెట్టి ధర్మమును కూర్చుండబెట్టినను, వెనుక గదిలో గెలుపు కొఱకైన ఆకలి మేల్కొనియే ఉండును.

2009 జనవరిలో ఆస్ట్రేలియాలో మొదటి పందెము తొక్కెను. మార్చిలో స్పెయిన్ దేశమున పడి జత్రుక యెముక విఱిగినది. అయినను జూలైలో ఫ్రాన్సు పందెమున మూడవవాడుగ నిలిచెను. 37 ఏండ్లవానికి అది గొప్పయే. మఱుసటి యేడు 23వ స్థానము దక్కినది. 2011 ఫిబ్రవరిలో రెండవ మారు విరమించెను.

అంతతో ఆగియుండిన బాగుండును. కాని విరమించినవాడు తిరిగి తలుపు తెఱచినప్పుడు, తానొక్కడే ఆ తలుపునుండి రాడు. పాత సంగతులును వెంట వచ్చును. అతనితో ఒకప్పుడు కలిసి తొక్కిన ఫ్లాయిడ్ లాండిస్ 2010 మే నెలలో, పూర్వపు విజయములన్నింటి వెనుక నిషిద్ధములైన మందులు ఉన్నవని బయటపెట్టెను. ఆ మందుల పని ఎట్టిదో చెప్పుదును. మన రక్తములోని ఎఱ్ఱకణములు ఊపిరిని కండరములకు మోసికొనిపోవును. వాని సంఖ్యను మందులచేతను, ముందుగ తీసి దాచిన రక్తమును మరల ఎక్కించుకొనుటచేతను పెంచినచో, మనిషి అలసట తెలియక కొండలెక్కగలడు. ఒక గిత్తకు రహస్యముగ మందు పెట్టి పందెము గెలిచినవానిని మన ఊరి పెద్దలు ఏమందురో, లోకమును ఇతనిని అదే అన్నది. 2012లో అమెరికా దేశపు విచారణసంస్థ ఎదుట 11 మంది పూర్వపు జట్టువారు సాక్ష్యమిచ్చిరి. 7 విజయములును రద్దయినవి. తన ధర్మసంస్థనుండి అతడు తొలగిపోవలసి వచ్చినది. 2013 జనవరిలో అతడు జనుల ఎదుట నేరము ఒప్పుకొనెను. తిరిగి రాకయున్నచో ఈ గతి పట్టియుండదని కూడ అప్పుడు అంగీకరించెను.

ఆ మాట జాగ్రత్తగ వినవలెను. తిరిగి వచ్చుట అతనిని చెఱుపలేదు. మొదటి గెలుపులోనే చెదలు ఉండెను. తిరిగి వచ్చుట ఆ చెదలును వెలుగులోనికి తెచ్చినది, అంతే. నాయుడు తిరిగి వచ్చినప్పుడు పాత దినములనుండి బయటపడినది ఏమి? పాత శిష్యులు, పాత కీర్తి, పాత వైరమును మఱచిన ఒక పిలుపు. ఒకే పని ఒకనికి భూషణమైనది, మఱొకనికి విచారణ అయినది. కనుక మరల బరిలో దిగదలచినవాడు తన బలము ఎంతయని చూచుకొనుటకు ముందు, తాను వెనుక విడిచివచ్చిన దారి శుభ్రముగ ఉన్నదా యని చూచుకొనవలెను.

మన తెలుగు స్త్రీలలోను ఇట్టి దృష్టాంతములు కలవు. శ్రీకాకుళము సీమకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ పోటీలలో 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ స్త్రీ ఆమెయే. మఱుసటి యేడు తల్లియైనది. తిరిగి పోటీకి సిద్ధపడుచుండగ 2002లో తండ్రి మరణమువలన ఆగవలసి వచ్చినది. 2004లో ఏథెన్స్ నగరమున మరల దిగినది, ఫలితము దక్కలేదు, విరమించినది. ఆమె ఓడినను నింద పొందలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి చదరంగమున 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టరు అయినది. ప్రసవము నిమిత్తము సుమారు రెండేండ్లు ఆటకు దూరముగ ఉండి, 2018లో తిరిగి వచ్చి, 2019 డిసెంబరులో మాస్కో నగరమున వేగచదరంగములో లోకవిజేత్రి అయినది. 2024 డిసెంబరులో న్యూయార్కు నగరమున ఆ బిరుదమును మరల గెలిచినది. వీరి విరామము అలసటవలన వచ్చినది కాదు, సంసారధర్మమువలన వచ్చినది. మనము మగవానిని "ఏల తిరిగి వచ్చెను?" అని అడుగుదుము. స్త్రీని మాత్రము "ఏల తిరిగి రావలెను?" అని అడుగుట వాడుక. ఆ రెండవ ప్రశ్న న్యాయమైనది కాదని ఈ ఇద్దఱు నిరూపించిరి.

పెద్దలారా, ఇది ఆటగాండ్ర సంగతి మాత్రమే అని తలపకుడు. కొడుకు చేతికి సేద్యము అప్పగించి అరుగు మీద కూర్చున్న తండ్రి, ఒక ఏడు పంట తగ్గగనే మరల మేడి పట్టుకొనుటకు లేచును. ఊరి పెద్దరికము చాలించుకొన్నవాడు, క్రొత్తవారి పని నచ్చక మరల పంచాయితీ కొఱకు నిలబడును. లేచుట తప్పు కాదు. పిలిచిరా, పిలువక లేచితినా? నా స్థానమును పనిచేసి సంపాదించుకొనగలనా, పాత పేరుతో ఆక్రమింతునా? నేను పోయిన పిమ్మట వారు మునుపటికన్న గట్టిగ నిలువగలరా, లేక నేను లేక కదలలేనివారగుదురా? ఈ మూడు ప్రశ్నలు తనలో తాను వేసికొన్నవాడు దారి తప్పడు.

ఆంధ్ర జట్టునకు మొదటి యేడు నాయకుడై నిలిచిన ముసలివాడు అచటనే పాతుకొని కూర్చుండలేదు. జట్టును నిలబెట్టి తాను తప్పుకొనెను. ఏడు దశాబ్దములు దాటినను ఆ జట్టు నేటికిని ఆడుచున్నది. తిరిగి వచ్చుటకు ధైర్యము కావలెను. వచ్చిన పని ముగిసినదని తెలిసికొని తిరిగి పోవుటకు వివేకము కావలెను. ఆ రెండును ఒక్కచోట కుదిరినవానిని ఊరు మఱచిపోదు.